గింజ లేని కాయ

శుద్ధ విదియ

ముందు గోడ సంగతి రాయాలి, అది నా పని కాబట్టి. గోడ ఆకుపచ్చగా ఉంది. కండ గట్టిగా ఉంది. పులుపు నాలుక మీద పెడితే చెవులు జివ్వుమంటున్నాయి. తొడిమ దగ్గర మంచినీళ్ళు మామూలుగానే కారుతున్నాయి. అయిపోయింది. ఇక నాకిష్టమైనది రాసుకుంటాను.

రత్నానికి ఆడపిల్ల పుట్టింది.

రత్నం నా చెల్లెలి కూతురు. చెల్లెలు గంగ సముద్రంలో పోయింది కాబట్టి పురుడు పోయాల్సింది నేనే. పక్క కాయలో ఉన్న అత్తవారింటి నుంచి ఏడో నెలలో తాడు మీద తెచ్చుకున్నాను. అప్పటినుంచి దానికి కాళ్ళు పట్టడం, నడుం పట్టడం, తిట్టడం అన్నీ నా వంతే. తెల్లవారుతుండగా పిల్ల కెవ్వుమంటే నాలుగు సంసారాల వాళ్ళూ అడ్డు కట్టుకున్న చాపలు తప్పించుకుని వచ్చి నిలబడ్డారు. పిల్లని ఎత్తుకోవడానికి ఎవరూ చెయ్యి చాపలేదు. ఎందుకో నాకు తెలుసు. ఈ కాయలోకి వచ్చాక పుట్టిన పిల్లలు ఇద్దరు. ఇద్దరూ పురిటి మంచం మీదే కఫం కట్టి పోయారు. చుట్టూ పచ్చి కండ, నెత్తిన చెమ్మ, కింద చెమ్మ. చంటిపిల్ల ఊపిరి ఎలా నిలుస్తుంది?

ఈసారి అలా జరగనివ్వను. అమ్మ ఇచ్చిన సాంబ్రాణి డబ్బా ఇన్నాళ్ళూ పడవల్లో, వరదల్లో మోసుకొచ్చింది ఇందుకే. తలస్నానం కాగానే పొగ పెట్టాలి, తల్లికీ బిడ్డకీ. పెద్దమనిషి దాలినాయుడు అడ్డం వచ్చాడు.

"లోపల నిప్పు వద్దు వరాలమ్మా. కాయలిచ్చినోలు మైకులో మొట్టమొదట సెప్పిన మాట అదే. కన్ను దాటి లోపలికి నిప్పు రాకూడదు."

"ఎందుకంట?"

"ఎందుకేటి? పీచు అంటుకుంటాది. అందరం మాడిపోతాం."

"మంటెవులు అడిగినారు నాయుడూ? మంట కాదు, పొగ. మూకుట్లో నాలుగు బొగ్గులు, మీద సిటికెడు సాంబ్రాణి. కింద తడి ఇసక పోస్తాను, పక్కన నీళ్ళ కుండ పెడతాను. ఇంకో బిడ్డని సముద్రంలో ఇడిసొస్తావా? నీ సేతుల్తో ఇడిసొస్తావా, సెప్పు."

నాయుడు మీసం దువ్వుకుని పక్కకి తప్పుకున్నాడు. పోయిన ఇద్దరిలో ఒకడు అతని మనవడు. కాస్త కఠినంగానే అన్నాను, అనాల్సి వచ్చింది.

శుద్ధ షష్ఠి

గోడ ఆకుపచ్చ. కండ గట్టి. పులుపు మామూలు.

పొగ పెట్టాను. బొగ్గుల మూకుడు మీద వెదురుబుట్ట బోర్లించి, దాని మీద రత్నం జుట్టు ఆరబోశాను. పిల్లని రెండు చేతుల్లో పడుకోబెట్టుకుని పొగలో ముందుకీ వెనక్కీ ఊపాను. అరికాళ్ళు కాచాను. పిల్ల ఒక్క తుమ్ము తుమ్మి నిద్రపోయింది. ఆ వాసనకి ఆడవాళ్ళంతా వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఒకావిడ ఏడ్చింది కూడా. ఇల్లు, నేల, పెరడు, పెళ్ళిళ్ళు అన్నీ ఆ వాసనలో ఉన్నాయి మరి. వాళ్ళ కోసం ఇంకో చిటికెడు వేశాను. రోజూ రెండు పూటలా పెడతానని చెప్పాను.

తర్వాత కోతకి వెళ్ళాను. ఇది చదివేవాళ్ళు ఎప్పుడూ కాయలో ఉండని వాళ్ళయితే చెబుతున్నాను, వినండి. నేల మునిగిపోయాక మాకు ఇచ్చినవి ఇవి, సముద్రం మీద పాకే తీగకి కాసిన కాయలు. పైన తొక్క ఉంటుంది, పొయ్యి పెట్టేదీ చేపలు ఎండబెట్టేదీ దాని మీదే. తొక్క కింద పీచు కలిసిన కండ, మనిషి నిలువుకి రెండింతల మందం. కండ లోపల టెంక. టెంకకి లోపలివైపు పల్చటి పొర. ఆ పొర లోపల, గింజ ఉండాల్సిన చోట, మేము. కాయ పిందెగా ఉన్నప్పుడే కన్నులోంచి, అంటే ఇప్పుడు మేం వచ్చిపోయే కంతలోంచి, గింజ లాగేసి ఇచ్చారు. గింజ లేని కాయ ఎప్పటికీ పచ్చిగానే ఉంటుందట. టెంక కూడా లేతగా ఉంటుంది, పగలు దానిలోంచి ఆకుపచ్చ వెలుతురు వస్తుంది. ఆ వెలుతురులో అందరం వాంతి చేసుకోబోయే వాళ్ళలా కనిపిస్తాం. అలవాటైపోయింది.

టెంకలో నడుమెత్తున ఒక చిన్న గుమ్మం ఉంది. దానిలోంచి చెయ్యి పెట్టి కండ కోస్తాను. పులుసుకీ, పచ్చడికీ, ఉప్పులో ఊరవేయడానికీ అదే. మా అమ్మ ఆవకాయ ముక్కకి టెంక లేకపోతే ముక్క విసిరికొట్టేది. ఇక్కడ కత్తి టెంకకి తగిలితే నాయుడు నన్ను విసిరికొడతాడు.

ఇంకో మాట. ఈ కాయలో పండు అన్న మాట ఎవరూ నోటితో అనరు. పిల్లల్ని ముద్దుకి కూడా అలా పిలవనివ్వం. రత్నం నిన్న నోరు జారబోతే నోటి మీద చరిచాను.

శుద్ధ దశమి

పిల్ల బాగుంది. ఛాతీలో గురగుర లేదు. పాలు ఎగబడి తాగుతోంది. పెద్ద ఏడుపు, పెద్ద ఆకలి, మా చెల్లి పోలికే. నాకు గర్వంగా ఉంది, దాచుకోను.

పులుసు బాగాలేదు. పులుపు తగ్గింది. మొదట ఉప్పు ఎక్కువైందనుకున్నాను. తర్వాత చేప మంచిది కాదన్నాను. చేప తెచ్చినవాడు నా మీద లేచాడు, నేను వాడి మీద లేచాను. చివరికి పచ్చి ముక్క నోట్లో వేసుకుంటే చెవులు జివ్వుమనలేదు. పుల్లగా ఉంది, లేకపోలేదు, కానీ వెనకాల ఇంకేదో ఉంది. పిల్లలు మాత్రం గుమ్మం దగ్గర చేరి ముక్కలు అడుక్కుని తింటున్నారు. ఎప్పుడూ మూతి ముడుచుకునే వెధవలు ఇవాళ చేతులు నాకారు.

పురిటి గదిలో, బాలింత మంచం వెనకాల, గోడ రంగు మారింది. చేట వెడల్పు మచ్చ, కామెర్లు వచ్చిన కన్నులా. వేలితో నొక్కితే టెంక మాత్రం అక్కడ మునుపటికన్నా గట్టిగా తగిలింది. వేడినీళ్ళ ఆవిరి వల్లేనని అనుకున్నాను. రెండు పూటలా కుండెడు నీళ్ళు పోస్తుంటే ఏ గోడైనా ఏమవుతుంది? మంచం, నీళ్ళ కుండ, ధూపం బుట్ట అన్నీ అవతలి వైపుకి మార్పించాను.

నాయుడికి చెప్పాను. వచ్చి చూసి, "సెమ్మ" అన్నాడు. అతనికి అన్నీ చెమ్మే.

పౌర్ణమి

అవతలి వైపు గోడా పసుపు రంగుకి తిరిగింది. రెండు మచ్చలూ ఒకదాని వైపు ఒకటి పాకుతున్నాయి. కత్తి కండలోకి తనంతట తనే దిగిపోతోంది. కోసిన చోట రసం కారుతోంది. పులుపు లేదు.

ఇవాళ గవర్రాజు వచ్చాడు, రత్నం మొగుడు. రెండు కాయల మధ్య కట్టిన తాడు మీద తొట్టెలో కూర్చుని, చేత్తో లాక్కుంటూ. బిడ్డని చూడటానికి ఇన్నాళ్ళు పట్టింది అల్లుడికి, వాళ్ళమ్మ మంచి రోజు చూడందే కదలనివ్వదు. తీగ చివర కోసిన పిందెలు ఒక సంచి నిండా తెచ్చాడు, పచ్చడి పెట్టుకోమని. నిమ్మకాయంత పిందెలు, రాళ్ళలా ఉన్నాయి. కన్నులోంచి లోపలికి తల పెట్టగానే ఆగిపోయాడు.

"ఏటత్తా ఈ వాసన?"

"ఏ వాసన?"

"తియ్యగా ఉంది."

"సాంబ్రాణి" అన్నాను. సాంబ్రాణి కాదని నాకూ తెలుసు.

పిల్లని ఎత్తుకున్నాడు. భలే నవ్వాడు, వెర్రివాడు. పిల్ల గుప్పెట్లో వాడి వేలు ఇరుక్కుంటే తీసుకోవడానికి మనసొప్పలేదు. అయినా కళ్ళు మాత్రం గోడ మీదే తిరుగుతున్నాయి. వెళ్ళేటప్పుడు తొట్టె ఎక్కబోతూ తొక్క మీద మోకాళ్ళేసి తొడిమ మొదలు చూశాడు. నేనూ చూశాను. తొడిమ చుట్టూ వెంట్రుక వాసి గీత. ఉంగరం తీసేసిన వేలి మీద ఉంటుందే, అలాంటిది.

వాడు గబగబా తాడు లాక్కుంటూ వెళ్ళిపోయాడు.

బహుళ తదియ

ఇవాళ నాయుడు అందరినీ పిలిచి ఆ మాట అనేశాడు. కాయ పండుతోంది.

అన్నాక ఎవరికీ ఏడుపు కూడా రాలేదు. తెలిసిందే గదా అన్నట్టు కూర్చున్నారు. పండిన కాయని తొడిమ వదిలేస్తుంది. తొడిమ వదిలేస్తే మంచినీళ్ళు లేవు. కండ కుళ్ళుతుంది, పక్షులూ చేపలూ చేరతాయి, టెంక ఒక్కటే మిగిలి ఎటు తీసుకుపోతే అటు పోతుంది. గడ్డిలో మామిడికాయలు మాగేసిన వాళ్ళెవరికైనా ఇంకో సంగతి కూడా తెలుసు. ఒకటి పండితే పక్కది ఆగదు. అందుకే తీగ మీద మిగతా కాయల వాళ్ళు మా తాళ్ళు కోసేస్తారు. కోసేయాలి కూడా. నేనైనా అదే చేస్తాను.

పిల్లలున్న ఇద్దరు ఆడవాళ్ళనీ వాళ్ళ సంసారాలనీ తీగ అవతలి కాయల్లో అన్నదమ్ములు తీసుకుంటామన్నారు. ఒక్కో తొడిమ ఇచ్చే నీళ్ళు ఇంతేనని లెక్క కాబట్టి అంతకన్నా ఎవరూ తీసుకోరు. ముసలివాళ్ళం ఇక్కడే ఉంటాం. అది సరే. రత్నానికి అత్తవారిల్లే ఉంది, బిడ్డతో అక్కడికి పోతుంది. నాకు దాని గురించి బెంగ లేదు అనుకుంటూ ఉండగా నాయుడు గొంతు సవరించుకున్నాడు.

"గింజ నేని కాయ పండదని గదా మనకి సెప్పినారు. మరెందుకు పండింది?"

జవాబు కూడా అతనే చెప్పాడు.

"ఇన్నేళ్ళూ పండనేదు. పిల్ల పుట్టినాకే పండింది. పిల్ల మంచం ఎనకాలే మొదలైంది. మంచం అటు జరిపితే అటు పాకింది. గింజ ఉండాల్సిన సోట కొత్త పేనం పడింది, వరాలమ్మా. కాయకి గింజొచ్చిందనుకుంటంది."

"నోరు ముయ్యి" అన్నాను.

"నానేటి కోపంగా అన్నానా? జరిగింది సెప్పినాను."

"అంతకుముందు ఇద్దరు పుట్టినారు. అప్పుడు పండిందా?"

"ఆలు బతకనేదు గదా" అన్నాడు నాయుడు, మెల్లిగా.

చేతిలో ఉన్న చెంబు అతని మీదకి విసిరాను. తగల్లేదు. చుట్టూ చూస్తే ఆడవాళ్ళు, ఆ రోజు పొగ చుట్టూ కూర్చుని పిల్ల బుగ్గలు నిమిరినవాళ్ళే, రత్నం ఒడివైపు చూడకుండా తల తిప్పుకున్నారు. రత్నం పిల్లని కొంగుతో కప్పేసుకుంది. ఈ మాట తాడు దాటి అవతలికి పోతే ఏమవుతుందో నాకు వెంటనే అర్థమైంది. నాయుడు మాట ఏదీ ఈ తీగ మీద దాగదు.

బహుళ పంచమి

పోయింది. దాటింది.

గవర్రాజు తల్లి చినతల్లి వాళ్ళ కన్ను గడప మీద నిలబడి కేకేసింది. తాడు సగం దూరం దాకా తొట్టెలో వెళ్ళాను, అంతకన్నా దగ్గరికి రావద్దంది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

"కోడల్ని రమ్మను వొదినా. పిల్లని మటుకు వద్దు."

"పాలు తాగే పిల్లని వద్దంటావేటి? బుద్ధుందా?"

"మా కాయి పచ్చిగా ఉంది. తొమ్మిది సంసారాలున్నాయి. ఆ పిల్లని కడుపులో పెట్టుకుంటే మాదీ పండిపోదా?"

"నీ కొడుకుని నువ్వు పడవలో కన్నావు. పడవకి పూతొచ్చిందా?"

అవతల గడప మీద ఎవరో నవ్వారు. చినతల్లి నవ్వలేదు. గవర్రాజు ఆమె వెనకాల నిలబడి నేల చూపులు చూస్తున్నాడు. వాడి మీద నాకు అసహ్యం వేసింది, జాలి కూడా వేసింది. తల్లికి ఎదురు చెప్పే మొనగాడు కాడు, ఆ సంగతి పెళ్ళిచూపుల నాడే తెలుసు.

వాదనతో పని కాదని తెలిసిపోయింది. ఇచ్చి పుచ్చుకోవడమే మిగిలింది. నా దగ్గర ఇవ్వడానికి ఏముంది? అప్పుడు గడప మీద ఆమె చిన్నకూతురు కనిపించింది, కడుపుతో, నెలలు నిండుతూ.

"వొదినా, నీ పెద్దకూతురి బిడ్డ ఎలాగ పోయింది?"

చినతల్లి ముక్కు మీద కొంగు దిగింది. "కఫం" అంది.

"మా కాయిలో ఇద్దరు అలాగే పోయారు. ఈ పిల్ల ఎందుకు బతికిందో ఎరుకేనా? పుట్టిన కాడినుంచి రెండు పూటలా పొగ పెట్టినాను. అసలు రాళ్ళ సాంబ్రాణి, అమ్మ కాలం నాటిది. ఛాతీలో ఒక్క గురగుర నేదు. ఈ తీగ మొత్తానికి ఆ డబ్బా నా దగ్గరే ఉంది. పిల్లని రానిస్తే డబ్బా నీది. రేపు నీ చిన్నదాని బిడ్డకి పొగ ఉంటాది."

ఆమె కూతురి కడుపు వంక చూసింది.

"లోపల నిప్పు వద్దన్నారు గదా?"

"మంట వద్దన్నారు. పొగ కాదు. తడి ఇసక మీద పెట్టు, పక్కన నీళ్ళ కుండ ఉంచు. మేం పెట్టలేదా? ఏటయ్యింది, ఎక్కడైనా అంటుకుందా?"

"అంటుకోనేదు" అంది.

"మరింకేటి?"

ఒప్పుకుంది. తొట్టెలో వెనక్కి వస్తూ ఏడ్చాను, గెలిచినందుకు. గట్టిగా, సిగ్గులేకుండా.

బహుళ సప్తమి

రత్నాన్నీ పిల్లనీ పంపేశాను.

ఇవాళ ఇరవై ఒకటో రోజు, పేరు పెట్టాల్సిందే, కానీ పీటలేసి కూర్చునే తీరిక లేదు. తొక్క మీద నిలబడి పిల్ల చెవిలో మూడుసార్లు గంగ అన్నాను. సముద్రం మింగిన మనిషి పేరు సముద్రం మీదే పెట్టాను. చాలులే, ఇంతకన్నా వేడుక ఎక్కడ చేస్తాం.

డబ్బా మూటలో అడుగున కట్టాను. అడుక్కి అంటుకున్న పొడి కాస్త గీకి నా దగ్గర ఉంచుకున్నాను, వాసన కోసం. రత్నం నా మెడ పట్టుకుని వదల్లేదు.

"పెద్దమ్మా, నువ్వూ వచ్చీ."

"నేనొస్తే మీ అత్త తాడు ఇప్పుడే కోసేస్తాది. ఎక్కు. ఇదిగో ఇను. పొగ ఒక్క పూట మానకు. ఆలొద్దన్నా మానకు. మీ అత్త సాంబ్రాణి దాచుకుందామని సూస్తాది, దాచనీకు. పిల్లకి ఛాతీ పట్టిందంటే నా మీదొట్టే."

"మానను పెద్దమ్మా."

"ఒట్టు?"

"ఒట్టు."

గవర్రాజు తొట్టె లాగాడు. వాళ్ళు గడప మీద దిగారు, చినతల్లి పిల్లని అందుకుంది, అందుకుంటూ ముక్కు మూసుకోలేదు. అది చూశాక నా ప్రాణం కుదుటపడింది. సాయంత్రం వాళ్ళు తాడు కోసేశారు. తెగిన కొస నీళ్ళలో పడిన చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది.

బహుళ దశమి

గోడ సంగతి రాయాలా? రాస్తాను. గోడ ముదురు గోధుమరంగు. టెంక గట్టిపడి వెలుతురు రావడం లేదు, పగలే చీకటి. కన్ను చుట్టూ అంచు బిగుసుకుంటోంది, భుజాలు ఈడ్చుకుని బయటికి రావాల్సి వస్తోంది. కండ గుజ్జయిపోయింది. కొయ్యనక్కర్లేదు, చేత్తో తోడుకోవచ్చు. తేనెలా ఉంది. నాయుడు ఒక దోసెడు తిని, "మా నాయన తోటలో ఇలాగుండీవి" అని తల పక్కకి తిప్పుకున్నాడు. అతని మీద కోపం పెట్టుకునే ఓపిక నాకు లేదిప్పుడు. మిగిలింది ఆరుగురం. ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి గదా.

అందరం తొక్క మీదకి మారాం. రసం ఊరిన చోటల్లా ఈగలు. నోరు తెరిస్తే ఈగలు. గీకి పెట్టుకున్న సాంబ్రాణి పొడి బొగ్గుల మీద చల్లి, నేను పడుకునే చోట మూకుడు పెట్టాను. గాలికి ఆరిపోకుండా ధూపం బుట్ట బోర్లించాను. గవర్రాజు తెచ్చిన పిందెలు చెమ్మకి బూజు పడతాయని సగం ఆ బుట్ట మీద పరిచి పైన గోనె కప్పాను. మిగతా సగం తొక్క అవతలి చివర, వలలో వేలాడదీశాను. సాంబ్రాణి అయిపోతే ఉత్త పీచు వేసి పొగ బెట్టాను. ఈగలు కాస్త తగ్గాయి.

పక్క కాయ ఆకుపచ్చగా నిగనిగలాడుతోంది. అటు చూస్తూ కూర్చుంటే పొద్దు తెలియడం లేదు.

బహుళ ద్వాదశి

తెల్లారేసరికి తొడిమ వదిలేసింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. పాలపన్ను ఊడినట్టు ఊడింది. కాయ ఒకసారి పక్కకి ఒరిగి, సర్దుకుని, కదలడం మొదలుపెట్టింది. నాయుడు దండం పెట్టాడు. నేను పొయ్యి రాజేశాను, ఇంకేం చెయ్యను?

ఆఖరిసారి పుల్లగా ఏదైనా తినాలనిపించింది. పిందెల పులుసు పెడదామని బుట్ట మీది గోనె తీశాను. పిందెలన్నీ పసుపు రంగులో ఉన్నాయి. ఒకటి పట్టుకుంటే వేలు దిగిపోయింది. తియ్యటి వాసన. మా కాయ గాలే సోకి ఉంటుందనుకుని అవతలి చివరికి వెళ్ళి వల దించాను. అవి ఆకుపచ్చగా, రాళ్ళలా, తెచ్చిననాడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఒకటి కొరికాను. చెవులు జివ్వుమన్నాయి.

ఒకే సంచి. ఒకే తొక్క. ఒకే ఈగలు. వీటికి పొగ తగిలింది, వాటికి తగల్లేదు.

అక్కడే కూలబడ్డాను. మా పాత ఊళ్ళో నేను చేపలమ్మే చోటికి ఎదురుగా అరటి గెలల కొట్టు ఉండేది. తలుపులు మూసి, సందుల్లో మట్టి మెత్తి, లోపల పొగ పెట్టేవాళ్ళు. పచ్చి గెలలు పొద్దున లోపలికి వెళ్ళి మూడో రోజుకి పసుపుగా బయటికి వచ్చేవి. ఆ పొగకి కళ్ళు మండి కొట్టువాణ్ణి రోజూ తిట్టేదాన్ని. ఎందుకు పెడతారో నాకు తెలుసు. ఊరందరికీ తెలుసు. తెలిసి కూడా, కాయ లోపల తలుపు మూసిన గదిలో కూర్చుని రెండు పూటలా పొగ పెట్టాను. మేం ఉంటున్నది కాయ లోపలన్న సంగతి ఎన్నేళ్ళుగానో మర్చిపోయి ఇల్లు అనుకుంటున్నాం. మైకులో చెప్పినవాళ్ళు నిప్పు వద్దన్నారు, ఎందుకో చెప్పలేదు. చెప్పి ఉంటే వినేదాన్ని. నిజంగా వినేదాన్ని.

పిల్ల కాదు. పిల్లవల్ల ఏమీ కాలేదు. "నాయుడూ, పిల్ల కాదు, పొగ!" అని అరిచాను. రెండు రకాల పిందెలూ అతని చేతిలో పెట్టాను. అతను నొక్కి చూశాడు, కొరికి చూశాడు. చూసి, మెల్లిగా తల తిప్పి, పక్క కాయ వైపు చూశాడు.

అప్పుడు నేనూ చూశాను.

అలలు మమ్మల్ని వాళ్ళ కాయకి ఎదురుగానే తీసుకుపోతున్నాయి. మొహాలు పోల్చుకోవచ్చు, మాట వినబడదు, గాలి అటునుంచి ఇటు. వాళ్ళ కన్నులోంచి సన్నటి తెల్లటి పొగ వస్తోంది. పొద్దుటి స్నానం వేళ. నేను గాలిలో సాంబ్రాణి వాసన పట్టాను. అమ్మ డబ్బా వాసన.

అరిచాను. గొంతు చీరుకుపోయేలా అరిచాను. పొగ వద్దు, పొగ ఆపండి, రత్నం, ఆపవే. నాయుడు కూడా అరిచాడు, మిగతా నలుగురూ అరిచారు. మా కేకలు మా మొహం మీదకే వచ్చి పడ్డాయి. నా మూకుడు ఎత్తి చూపించి సముద్రంలోకి విసిరికొట్టాను. బుట్ట విసిరాను. చేతులు అడ్డంగా ఊపాను, వద్దు వద్దు అని.

వాళ్ళు గడప మీదకి వచ్చారు. చినతల్లి చెయ్యి ఊపింది. గవర్రాజు రెండు చేతులూ ఊపాడు. కడుపుతో ఉన్న పిల్ల కూడా ఊపింది. మేం సెలవు తీసుకుంటున్నాం అనుకున్నారు.

"ఎంత సంబరంగా ఊపుతున్నారో" అన్నాడు నాయుడు. తర్వాత అతను చతికిలబడి మొహం కప్పుకున్నాడు.

ఇంకొన్నాళ్ళకి వాళ్ళ పులుసులో పులుపు తగ్గుతుంది. మంచం వెనకాల గోడ మీద మచ్చ కనిపిస్తుంది. ఆ రోజున చినతల్లి మూకుడు వైపు చూడదు. తొమ్మిది సంసారాలూ మూకుడు వైపు చూడవు. నాయుడు మాట వాళ్ళ దగ్గర ఉంది, పిల్ల వాళ్ళ చేతుల్లో ఉంది. రత్నం ఒక్కతే, వాళ్ళ మధ్య. ఈ మాట చెప్పాల్సిన నోరు ఇక్కడ ఉంది, నీళ్ళ మీద, దూరమైపోతూ.

రత్నం కన్నులోంచి ఇప్పుడే బయటికి వచ్చింది. జుట్టు విరబోసుకుని ఉంది, ఇంకా తడి ఆరలేదు. నన్ను చూసింది. చెయ్యి ఊపబోయి ఆగి, గబగబా లోపలికి వెళ్ళి పొగలు కక్కుతున్న మూకుడు తెచ్చి గడప మీద పెట్టింది. పిల్లని రెండు చేతుల్లో పడుకోబెట్టుకుని పొగలో ముందుకీ వెనక్కీ ఊపుతోంది, మాట తప్పలేదని నాకు చూపించడానికి.